స్లాలమ్ (కర్రల మధ్య మెలికలు తిరుగుతూ మంచు కొండ దిగే స్కీయింగ్ పందెం) రెండో రన్ గురించి తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి

నమస్కారమండీ, మాది విజయవాడ, పటమట. 2025 ఫిబ్రవరిలో ఇటలీలోని సెస్ట్రియెరేలో అమెరికా స్కీయర్ మికేలా షిఫ్రిన్ వందో ప్రపంచకప్ రేసు గెలిచినప్పటి నుంచి మా అమ్మాయికి స్కీయింగ్ అంటే ప్రాణం. మంచు కంటితో చూడని పిల్ల! లెక్కల నోట్సు వెనక పేజీల్లో స్కేలుతో గళ్ళు గీసి, ఫస్ట్‌కి 100, సెకండ్‌కి 80, థర్డ్‌కి 60 అని సీజన్ పాయింట్లన్నీ రాసుకుంటోంది.

నిన్న తను అడిగినదానికి నాకు జవాబు తెలియలేదు. స్లాలమ్‌లో రెండు రన్‌లు, అంటే రెండుసార్లు కొండ దిగాలి. ఒక్కొక్కరు దిగేకొద్దీ మంచులో గాడులు పడతాయి కదా. మరి రెండో రన్‌లో 30వ స్థానంలో ఉన్నమ్మాయిని ముందు పంపి, మొదటి రన్‌లో అందరికన్నా ముందున్నమ్మాయిని చివర దింపుతారెందుకు? ఆ అమ్మాయికి అన్యాయం కాదా? ముందే నీళ్ళు పట్టించి ట్రాక్‌ని గడ్డ కట్టిస్తారట, అది సరిపోతుందా? పిల్లకి అర్థమయ్యేలా చెప్పండి, ప్లీజ్.