రెండక్షరాల పేరుకు అర్థం ఏ భాషలో వెతకాలి?

ప్రశ్న: హనుమకొండ నుంచి ఒక తాత

మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్న మా చిన్నవాడికి పద్దెనిమిది రోజుల క్రితం ఆడపిల్ల పుట్టింది. మా అయ్యగారు పంచాంగం చూసి మఖ నక్షత్రం రెండో పాదమని, పేరు ‘మీ’ అక్షరంతో మొదలు కావాలని చెప్పారు. అక్కడివాళ్ల నోటికీ మన నోటికీ ఇబ్బంది లేని రెండక్షరాల పేరే ఉండాలని కొడుకూ కోడలూ ముందే అనుకున్నారట. ‘మియా’ అని ఖాయం చేసి ఫోనులో చెప్పారు. ఆ పేరును మా ఇంటావిడకు వినపడేలా నేను గట్టిగా పలికితే, ఆమె వంటింట్లోంచి “ఎవరొచ్చిండ్రు?” అని అడిగింది. ఆమె తప్పేమీ లేదు. మండిబజార్‌లో నలభై ఏళ్లు దుకాణం నడిపిన మా ఇంట్లో ‘మియా’ అంటే గడప దగ్గర నిలబడి పలకరించే పెద్దమనిషే గాని, తొట్టెలలోని పసిపాప కాదు.

పేర్లకు అర్థాలు చెప్పే వెబ్‌సైట్లు తెరిచి చూస్తే గందరగోళం ఇంకా పెరిగింది. ఒకదానిలో మియా అంటే ‘నాది’ అని, మరొకదానిలో ‘సముద్ర నక్షత్రం’ అని, మూడోదానిలో ‘లక్ష్మీదేవి’ అని ఉన్నది. పొడుగు పేరైతే విడదీసి అర్థం చెప్పుకోవచ్చు. వేంకటేశ్వరుడు, రాజరాజేశ్వరి అన్నప్పుడు ఎవరినీ అడగవలసిన పని లేదు. ఇంత చిన్న పేరును విడదీయడానికి ఏముంటుంది? ఈ మూడు అర్థాల్లో ఏది నిజం? ‘మీ’ అక్షరంతో ఇంకేదైనా పేరు మీకు తోస్తే అదీ చెప్పగలరు. మా ఇంటావిడ మాత్రం మేడారంలో మొక్కుకున్నది కాబట్టి పిల్లకు సమ్మక్క పేరే పెట్టాలని, వచ్చే జాతరకు నిలువెత్తు బంగారం, అంటే బెల్లం, తూకం వేయిస్తానని పట్టు మీద ఉన్నది.

జవాబు: కరీంనగర్, విశ్రాంత తెలుగు పండితుడు

అన్నగారూ, మీకు దొరికిన మూడు అర్థాల్లో మొదటి రెండూ గాలిలోంచి పుట్టినవి కావు, కాని అవి వేర్వేరు చెట్ల కాయలు. జర్మనీలోనూ దానికి ఉత్తరాన ఉన్న దేశాల్లోనూ మియా అంటే మరియా అన్న పేరును ముద్దుగా కత్తిరించగా మిగిలిన ముక్క. మరియా అన్నది హీబ్రూ భాషలోని మిర్యామ్ నుంచి వచ్చింది. అరబ్బీ, ఉర్దూల్లోని మర్యమ్ కూడా అదే పేరు. ఆ లెక్కన కాజీపేట దర్గాకు వచ్చే మర్యమ్, ఫాతిమానగర్ చర్చికి వెళ్లే మరియమ్మ, మ్యూనిక్‌లో ఉయ్యాల ఊగే మియా ముగ్గురూ ఒకే పేరు మోస్తున్నారు. మీ ఇంటావిడ విన్న మియా మాత్రం ఉర్దూలో పెద్దమనిషిని గౌరవంగా పిలిచే మాట. దానికీ మరియాకూ ఏ సంబంధమూ లేదు.

‘సముద్ర నక్షత్రం’ వెనుక ఒక ముచ్చట ఉన్నది. మిర్యామ్ పేరుకు ‘సముద్రపు బిందువు’ అని అర్థం చెబుతూ లాటిన్‌లో ‘స్టిల్లా మారిస్’ అని రాసినది, రాతప్రతుల్లో ఒక అచ్చు మారి ‘స్టెల్లా మారిస్’ అయిందని, దానితో బిందువు కాస్తా నక్షత్రమైందని పండితులు చెబుతారు. మన తాళపత్రాల్లో గుడి దీర్ఘం ఎగిరిపోయి అర్థాలు తలకిందులైన పద్యాలు ఎన్ని చూడలేదు! ఇక ‘నాది’ అన్నది ఇటాలియన్ మాట. ఆ భాషలో స్త్రీలింగ పదం పక్కన ‘మియా’ అంటే ‘నా’ అని అర్థం. అది విని ముచ్చటపడి పేరు పెట్టుకునేవాళ్లు ఉంటే ఉండవచ్చు గాని, పేరు పుట్టిన చోటు అది కాదు. లక్ష్మీదేవి సంగతికి వస్తే, సంస్కృతంలో ‘మా’ అంటే లక్ష్మి. మాధవుడన్న మాటకు లక్ష్మీపతి అని చెప్పుకునే అర్థం అక్కడిదే. ఆ ఒక్క అక్షరాన్ని ఎవరో మియా దాకా సాగదీసి ఉంటారు. అది నాకు ఒప్పుదల కాదు.

పేరు ఎంత చిన్నదైతే ఇంకో భాషలోని మాటతో అంత సులువుగా గుద్దుకుంటుంది. మాయ అని మనం అంటే బుద్ధుని తల్లి మాయాదేవి గుర్తుకు వస్తుంది. గ్రీకులు మైయా అంటే హెర్మీస్ దేవుని తల్లి. హీబ్రూ మాట్లాడేవాళ్లు ‘మాయా’లో నీళ్లు అన్న మాటను వింటారు. మూడూ ఒకే తీరుగా వినిపిస్తాయి గాని చుట్టాలు కావు. మన ఉష, గ్రీకుల ఈయోస్, రోమన్ల ఆరోరా, లిథువేనియావాళ్ల ఔష్రా చెవికి ఎక్కడా కలవవు గాని, నాలుగూ తెల్లవారుజాముకు పెట్టిన పేర్లే, నాలుగూ ఒకే మూలం నుంచి చీలినవే.

‘మీ’ అక్షరంతో నేను చెప్పేది మీరా. మనకు మీరాబాయి ఉన్నది కాబట్టి ఆ పేరుకు భక్తే అర్థం, నిఘంటువు తెరవనక్కర లేదు. లాటిన్‌లో ‘మీరా’ అంటే అద్భుతమైనది. 17వ శతాబ్దంలో హెవేలియస్ అనే ఖగోళ శాస్త్రవేత్త, వెలుగు హెచ్చుతూ తగ్గుతూ ఉండే ఒక నక్షత్రానికి ఆ పేరే పెట్టాడు. స్లావ్ భాషల్లో ‘మీర్’ అంటే శాంతి, లోకం కూడా. మిరొస్లావా వంటి పొడుగు పేర్లను అక్కడ మీరా అని కురచ చేసి పిలుస్తారు. మూడు ఇళ్లలోనూ మంచి అర్థమే వచ్చే పేర్లు ఎక్కువగా దొరకవు.

ఇంకొక్క మాట. పొట్టి పేర్లు విదేశీ మోజు అని మా తరం వాళ్లు విసుక్కుంటారు గాని, ఆ మాట మన జిల్లాలకు చెల్లదు. మీ హనుమకొండను ఏలిన తొలి కాకతీయుల పేర్లు బేత, ప్రోల. ఎంచి చూస్తే రెండేసి అక్షరాలు. మా వైపు గోదావరి ఒడ్డున కోటిలింగాలలో దొరికిన నాణేల మీద గోబద, నారన అని రాజుల పేర్లు ఉన్నవి. ఓదెల మల్లన్న పేరు మీద ఓదెలు, ఐలోని మల్లన్న పేరు మీద ఐలయ్య, ఐలమ్మ అని పెట్టుకున్న జనం మనం. వాటిలో ఊరు, దేవుడు, మొక్కు మూడూ మూడక్షరాల్లో ఇమిడిపోయినవి.

జవాబు: జగిత్యాల ఆడబిడ్డ, ప్రస్తుతం స్టుట్‌గార్ట్

బాపూ, నేను ఇక్కడికి వచ్చి పదకొండేళ్లు అయింది కాబట్టి అర్థాల సంగతి పండితుల వారికి వదిలి కాగితాల సంగతి చెబుతాను. బిడ్డ పుట్టిన నెల రోజుల లోపు రిజిస్ట్రారు కార్యాలయంలో పేరు నమోదు చేయించాలి. పిల్లకు హాని కలిగించే పేరైతే వాళ్లు ఒప్పుకోరు. ఒకప్పుడు పేరును బట్టి ఆడో మగో తెలియాలని కూడా పట్టుబట్టేవాళ్లు. భారతీయ మూలాలున్న ఒక కుటుంబం కూతురికి కిరణ్ అని పేరు పెడితే, ఆ పేరుతో ఆడపిల్ల అని తెలియదని నమోదు చేయలేదు. వ్యవహారం రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్లి, 2008 డిసెంబరులో తీర్పు ఆ తల్లిదండ్రుల వైపు వచ్చింది. మీరాకు అలాంటి చిక్కేమీ రాదు. ఇక్కడివాళ్లకు ఆ పేరు కొత్త కూడా కాదు.

చిక్కు వచ్చేది రాతలో. మన దగ్గర మీరా అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పుడు ఎం పక్కన రెండు ‘ఈ’లు పెడతాము. జర్మన్ చదువరికి ఆ రెండు ‘ఈ’లు కలిస్తే ‘ఏ’ అని వినిపిస్తుంది. సముద్రాన్ని వాళ్లు అలాగే రాసి ‘మేర్’ అని పలుకుతారు. అంటే రేపు బడిలో పంతులమ్మ హాజరు పిలిచేటప్పుడు మీ మనుమరాలు ‘మేరా’ అవుతుంది. ఇటాలియన్‌లో ‘నాది’ నుంచి తప్పించుకుని హిందీలో ‘నాది’ దగ్గరికి వచ్చినట్టు అవుతుంది! అందుకని ఎం పక్కన ఒకే ఒక ‘ఐ’ పెట్టి రాయించండి. అప్పుడు ఇక్కడివాళ్లు దీర్ఘంతో మీరా అనే చదువుతారు. పాస్‌పోర్టులోనూ అదే రాత ఉండాలి. నా కూతురి పేరు జనన పత్రంలో ఒక రకంగా, పాస్‌పోర్టులో ఇంకో రకంగా పడితే, సరిచేయించడానికి మా ఆయన ఏడు సార్లు సెలవు పెట్టవలసి వచ్చింది.

మియా సంగతి కూడా చెప్పాలి. ఆ పేరు ఇక్కడ చాలా ఏళ్లుగా ఆడపిల్లల పేర్లలో ముందు వరుసలో ఉన్నది. మా పాప తరగతిలో ఇద్దరు మియాలు ఉంటే, టీచరు వాళ్ల ఇంటిపేర్లలోని మొదటి అక్షరం కలిపి పిలుస్తుంది.

జవాబు: మంచిర్యాల నుంచి

పెద్దలు అర్థం గురించి రాశారు గాని, పేరు ఎందుకు పెడతారన్నది కూడా చూడాలని నాకు అనిపిస్తుంది. ఘనాలోని అకాన్ ప్రజలకు పుట్టిన వారమే పేరు. ఐక్యరాజ్య సమితి ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన కోఫీ అన్నన్ 1938 ఏప్రిల్ 8న, శుక్రవారం నాడు పుట్టాడు. కోఫీ అంటే శుక్రవారం పుట్టిన మగబిడ్డ. ఆయనతో పాటు పుట్టిన కవల చెల్లెలు ఎఫువా. అది శుక్రవారం ఆడబిడ్డ పేరు. మా అమ్మమ్మ ఊళ్లో మాత్రం, ముందు పుట్టిన పిల్లలు దక్కని ఇంట్లో మళ్లీ బిడ్డ పుడితే చాటలో వేసి పెంటకుప్ప మీద పెట్టి, వెంటనే ఎత్తుకుని, పెంటయ్య అనో పెంటమ్మ అనో పిలిచేవాళ్లు. చావుకు ఆ బిడ్డ మీద ఆశ పుట్టకూడదని వాళ్ల ఉద్దేశం. తుర్కియేలో అదే కష్టంలో ఉన్న తల్లిదండ్రులు ‘దుర్సున్’ అని పేరు పెట్టేవాళ్లు. దాని అర్థం ‘నిలవనీ’.

సమ్మక్క పేరు నిలవాలని నానమ్మ గారి కోరిక కాబట్టి, సారలమ్మను తలచుకుని ‘సారా’ అని ఎవరైనా సలహా ఇస్తారేమో, ముందే చెబుతున్నాను. హీబ్రూలో దానికి రాకుమారి అని గొప్ప అర్థమే ఉన్నది. కాని మన ఊళ్లో ఆ పిల్లను ‘సారా’ అని గట్టిగా పిలిస్తే సాయంత్రం పూట ఎవరెవరు తిరిగి చూస్తారో మీరే ఊహించుకోండి.

తిరిగి ప్రశ్న అడిగిన తాత

మీ ముగ్గురికీ నమస్కారాలు. నిన్న రాత్రి వీడియో కాల్‌లో మీ మాటలన్నీ చదివి వినిపించాను. ఆడబిడ్డ చెప్పిన రెండు ‘ఈ’ల సంగతి విని కోడలు వెంటనే లేచి, నింపి పెట్టుకున్న ఫారం తీసి చూసుకున్నది, మియా అన్న చోట కొట్టివేసి, ఒకే ‘ఐ’తో మీరా అని రాసి నాకు కెమెరాలో చూపించింది. అది వట్టి చిత్తు ప్రతి అట, అసలుది ఇంకా ఇవ్వలేదట. గడువుకు పన్నెండు రోజులు ఉన్నవి.

వచ్చే ఆదివారం ఇక్కడ తొట్టెల చేస్తున్నాము. పిల్ల అక్కడే ఉంటుంది కాబట్టి తొట్టెలలో ఆమె ఫోటో పెడతాము. పళ్లెంలో బియ్యం పోసి ఉంగరంతో నేను మీరా అని రాస్తాను. మా ఇంటావిడ ఆ పక్కనే ఇంకో పళ్లెం పెట్టుకుంటానన్నది. అందులో ఏమి రాస్తుందో నేను అడగలేదు.