‘ఖర్మ కాలింది’ అన్నప్పుడు కాలినది ఏమిటి?

ప్రశ్న: పెద్దలకు నమస్కారం. మొన్న హన్మకొండలోని మా బంధువుల ఇంటి నుంచి వచ్చిన కార్డులో ‘దశదిన ఖర్మ’ అని అచ్చయింది. ‘కర్మ’ అని ఉండాలని నేనంటే, మా పెద్దనాయన ‘‘అందరం ఖర్మ అనే గద అంటం’’ అన్నారు. ‘ఖర్మ’ తప్పు మాటేనా? ‘ఖర్మ కాలింది’ అనే వాడుక ఎట్లా వచ్చింది? సార్ వివరించగలరు.

సమాధానం: కార్డులో పడింది తప్పే. ‘చేయు’ అనే అర్థమున్న ‘కృ’ ధాతువు నుంచి వచ్చిన మాట ‘కర్మ’. సంస్కృతంలో దానికి ఒత్తు లేదు. అయినా ‘నా ఖర్మ’ అనే నోటి మాటను తప్పని కొట్టివేయడానికి నాకు మనసొప్పదు. బాధతో, విసుగుతో పలికినప్పుడు మన నోట పుట్టిన ఆ ఒత్తు మాటకు వేరే అర్థాన్ని కూడా తెచ్చింది. చేసిన పనిని, జరిపే క్రతువును ‘కర్మ’ అని, నెత్తిన పడ్డ దురదృష్టాన్ని ‘ఖర్మ’ అని రాసుకుంటే రెండు మాటలూ మనకు పనికివస్తాయి.

దశదినకర్మలోని ‘కర్మ’ చాలా పాత అర్థాన్ని నిలుపుకుంది. వైదిక వాఙ్మయంలో కర్మ అంటే ప్రధానంగా యజ్ఞం, విధిగా జరపవలసిన క్రతువు. వ్యాకరణంలోని కర్మ, సింగరేణి కార్మికుడిలోని ‘కర్మ’ కూడా ‘పని’ అనే మూలార్థం నుంచే వచ్చాయి. క్రతువును దాటి మనిషి నడవడికి ఈ మాట ముడిపడటం బృహదారణ్యకోపనిషత్తులో స్పష్టంగా కనిపిస్తుంది. చనిపోయినవాడు ఏమవుతాడని ఆర్తభాగుడు నిండు సభలో అడిగితే, యాజ్ఞవల్క్యుడు ‘నాయనా, చేయి అందుకో, ఇది మనమిద్దరమే తెలుసుకుందాం, జనం మధ్య చెప్పేది కాదు’ అని అతన్ని పక్కకు తీసుకువెళ్తాడు. వారు అక్కడ మాట్లాడుకున్నది కర్మ గురించేనని, పుణ్యకర్మతో మనిషి పుణ్యుడు, పాపకర్మతో పాపి అవుతాడని ఉపనిషత్తు చెబుతుంది. ఆనాటికి అది చాటుగా చెప్పుకోవలసిన సంగతిగా ఉండటం నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది.

జైనుల కర్మ ఇంతకన్నా భిన్నమైనది. వారి దృష్టిలో కర్మ ఒక పదార్థం, పుద్గలం. జీవుడు మనసుతో, మాటతో, ఒంటితో కదిలినప్పుడల్లా ఆ సూక్ష్మమైన రజను లోపలికి ప్రవహిస్తుంది, రాగద్వేషాలనే జిగట ఉన్నచోట అంటుకుంటుంది. ఆ రాకను ఆస్రవమని, అంటుకోవడాన్ని బంధమని, అడ్డుకట్ట వేయడాన్ని సంవరమని, అంటినదాన్ని తపస్సుతో రాల్చడాన్ని నిర్జర అని అంటారు. మన హన్మకొండ పద్మాక్షి గుట్ట మీద కాకతీయుల మంత్రి బేతన భార్య మైలమ కడలాలయ బసది అనే జైన ఆలయం కట్టించినట్లు 1117 నాటి శాసనం చెబుతోంది. బతుకమ్మ నాడు గుట్ట కింద గుండం దగ్గరికి వెళ్లేవారు ఒకసారి పైకెక్కి, అక్కడి రాతిలో చెక్కిన తీర్థంకరులను దగ్గరగా చూడాలని నా కోరిక. రెండు చేతులూ ఒంటికి తగలకుండా కిందికి వేలాడేసి కదలక నిలబడే ఆ భంగిమ కాయోత్సర్గం, అంటే దేహం మీద మమకారాన్ని విడిచిపెట్టడం. కర్మ అంటే అంటుకునే ధూళి అన్న భావన తెలిస్తే, ఆ కదలని నిలుపు ఎందుకో తెలుస్తుంది.

బుద్ధుడు ఆ మాటనే తీసుకుని లోపలికి తిప్పాడు. ‘భిక్షువులారా, చేతననే నేను కర్మ అంటున్నాను’ అన్నది పాళీ భాషలోని బౌద్ధ గ్రంథాలైన నికాయాలలో ఆయన మాట. చేతన అంటే సంకల్పం. నిర్గ్రంథులతో, అంటే జైనులతో, ఆయనకు వచ్చిన భేదం ఇక్కడే. ఉపాలి సుత్తంలో వారు ఒంటితో చేసినదే బరువైనదని అంటే, బుద్ధుడు మనసుతో చేసినదే బరువైనదని వాదిస్తాడు. పెద్దపల్లి దగ్గరి ధూళికట్ట బౌద్ధ స్తూపం చూసి వచ్చినవారు, ఈ వాదం మన నేలకు పరాయిది కాదని గ్రహిస్తారు.

ఇక ‘కాలింది’ సంగతి. జైనులకు కర్మ కాలిపోతే అంతకన్నా మేలు లేదు, అది మోక్షమార్గం. గీత కూడా జ్ఞానమనే అగ్ని సర్వకర్మలనూ భస్మం చేస్తుందని చెబుతుంది. బౌద్ధంలో నిప్పు మరో విధంగా వస్తుంది: రాగం, ద్వేషం, మోహం అనే మంటలు మనల్నే కాలుస్తున్నాయి, అవి ఆరిపోవడమే నిర్వాణం. మనం మాత్రం ఖర్మ కాలిందని ఏడుస్తాం. నాకు తోచిన కారణం ఇది: జనం నోట ‘కర్మ’ క్రమంగా ‘అదృష్టం’ అయింది, కూడబెట్టుకున్న మంచి అయింది. కొంప కాలింది, కడుపు కాలింది అన్నట్లే, ఆ మంచి కాస్తా కాలిపోయిందని మన గోడు. నసీబు, నొసటి రాత అనే మాటల పక్కన కూర్చుని ‘ఖర్మ’ వాటి అర్థాన్నే పూసుకుంది. ఆ రెండూ ఇంకొకరు ఇచ్చినవి, ఇంకొకరు రాసినవి. మూడు మతాలలోనూ కర్మ మాత్రం ఎవరికి వారు చేసుకున్నదే. వాడుకలో పోయిన భేదం ఇదే, దీనికి నాకు బాధగా ఉంటుంది.

ప్రశ్న: ధన్యవాదాలు సార్. మా ఊళ్లో ‘కమ్మరి’ కూడా ఈ మాటకు చుట్టమేనా?

సమాధానం: చుట్టమే. సంస్కృతంలో లోహపు పని చేసేవాడు కర్మారుడు; ఋగ్వేదంలోనే ఆ మాట ఉంది. ధర్మం పాళీలో ధమ్మమైనట్లు కర్మార ‘కమ్మార’ అయింది, కుంభకారుడు మనకు కుమ్మరి అయినట్లు కమ్మార ‘కమ్మరి’గా వచ్చింది. బుద్ధుడికి చివరి భోజనం పెట్టిన పావా నగరపు చుందుడు కూడా కమ్మారపుత్తుడే. ఆ భోజనం తర్వాతే జబ్బు చేసిందని చుందుడు కుమిలిపోకూడదని, అతనికి ఏమి చెప్పాలో బుద్ధుడు తన శిష్యుడు ఆనందుడికి చెప్పి పంపుతాడు. ‘చుందేన కమ్మారపుత్తేన కమ్మం ఉపచితం’ అన్నది అందులోని మాట: ఆయుష్షునిచ్చే, సుఖాన్నిచ్చే కర్మను కమ్మరి బిడ్డ చుందుడు కూడబెట్టుకున్నాడని.