కేపీహెచ్‌బీ కాలనీ పాత దుకాణాల గురించి తెలిసినవాళ్లు సాయం చేస్తారా?

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లోని కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు (కేపీహెచ్‌బీ) కాలనీలో అంగళ్లు ఎలా మొదలై, ఎలా పెరిగాయో రాసిపెడుతున్నాను. ఈమధ్య సంగతులు దొరుకుతున్నాయి: 2007లో కూకట్‌పల్లి మున్సిపాలిటీ గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ (జీహెచ్‌ఎంసీ)లో కలిసింది, 2017 నవంబరులో మియాపూర్ మెట్రో మొదలైంది. నాకు కావాల్సింది అంతకుముందు సంగతి. బోర్డు కట్టింది ముఖ్యంగా నివాసాలకే. మరి రోడ్డు వైపు గదికి షట్టర్ బిగించి కిరాణా కొట్టు పెట్టడం ఏ ఫేజ్‌లో మొదలైంది? కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు వచ్చాక జిరాక్స్ షాపులు, కర్రీ పాయింట్లు ఎలా పుట్టుకొచ్చాయి? 1999లో రైతు బజార్లు వచ్చినప్పుడు కాలనీలో కూరగాయల కొట్లవాళ్ల బేరం దెబ్బతిందా, లేక వాళ్లూ అక్కడే సరుకు కొనేవాళ్లా?

మీ ఇంట్లో పాత ఖాతా పుస్తకం, బిల్లు, కొట్టువాళ్లు ఇచ్చిన క్యాలెండర్ ఏదైనా ఉంటే ఫొటో తీసి పెట్టండి. చిరిగినా పర్లేదు. దాని మీద ఫోన్ నంబరులో ఎన్ని అంకెలున్నాయో చూసినా అది ఏ కాలం నాటిదో అంచనా కట్టొచ్చు. ఖాతా పుస్తకమైతే అందులోని పేర్లు కనబడకుండా మూసేయండి, ధరలు కనిపిస్తే చాలు.

ఇంకో మాట. పాత ట్రేడ్ లైసెన్సుల వివరాలు మున్సిపల్ సర్కిల్ ఆఫీసులో అడగాలా, సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాలా? ఈ పని చేసినవాళ్లు దారి చెప్పండి. పెద్ద మాల్స్ చరిత్ర ఎవరో ఒకరు రాస్తారు, ఈ చిన్న కొట్లవాళ్ల సంగతి మాత్రం ఇప్పుడు అడక్కపోతే ఇక దొరకదు.