పాట తాను రాయకుండా పాడేవాళ్ళని గొప్ప కళాకారులు అనొచ్చా?

పాతక్యాసెట్:
తిట్టే ముందు పూర్తిగా చదవండి ప్లీజ్. నాకు ఎన్నో ఏళ్ళుగా ఇష్టమైన గాయని ఒకావిడ ఉంది, పేరు చెప్తే చర్చ మొత్తం ఆవిడ మీదకి మళ్ళుతుంది కాబట్టి చెప్పను. విడిపోవడం గురించి ఆవిడ పాడిన పాట ఒకటి, నా సొంత గొడవల్లో మునిగి ఉన్న రోజుల్లో రోజుకి పదిసార్లకి తక్కువ కాకుండా విన్నాను. ఆవిడకీ ఇలాగే జరిగి ఉంటుంది, లేకపోతే ఆ మాట దగ్గర గొంతు అలా ఎలా జీరబోతుంది అనుకునేవాణ్ణి. నిన్న రాత్రి నిద్ర పట్టక ఆ పాట వివరాలు తీసి చూస్తే రాసినవాళ్ళు నలుగురు. ఆ నలుగురిలో ఆవిడ లేదు. ట్యూన్‌లో కూడా ఆవిడ చెయ్యి లేదు.

అప్పట్నుంచీ ఒకటే చిరాకు. ఎవరో రాసిచ్చిన ఏడుపు ఏడ్చి పెట్టిందా అనిపిస్తోంది. గొంతు అద్భుతం, దాంట్లో వాదన లేదు. కానీ మంచి గొంతు ఉండటం, కళాకారిణి అవడం రెండూ ఒకటేనా? చేతిరాత బాగున్నవాణ్ణి మనం రచయిత అనం కదా. పాటలు తనే రాసుకుని పాడే బాబ్ డిలన్‌కి 2016లో సాహిత్యానికి నోబెల్ ఇచ్చారంటే అది ఆయన గొంతు చూసి ఇచ్చింది కాదు. మరి ఈ పొగడ్తలు, "లెజెండ్" అనే మాట, అన్నీ పాడినవాళ్ళకే ఎందుకు పోతున్నాయి? వెటకారం కాదు, నిజంగానే అడుగుతున్నాను.

మొండిశ్రుతి:
చేతిరాత పోలిక వినడానికి బాగుంది కానీ తప్పు. చేతిరాత మారితే కథ మారదు. గొంతు మారితే పాట మారిపోతుంది.

నమ్మకం లేకపోతే ఒక పని చెయ్యండి. 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ' డాలీ పార్టన్ తనే రాసుకుని పాడి 1974లో విడుదల చేసింది, అది ముందు వినండి. తర్వాత 1992లో విట్నీ హ్యూస్టన్ పాడింది వినండి. డాలీ పాటలో గుమ్మం దగ్గర నిలబడి నెమ్మదిగా సెలవు తీసుకుంటున్న మనిషి కనిపిస్తుంది. విట్నీ అయితే వాయిద్యం ఏదీ లేకుండా ఒంటరిగా మొదలుపెట్టి, చివరికొచ్చేసరికి అంతా ఒక్క క్షణం ఆగిపోయి, ఒక్క డ్రమ్ము దెబ్బ పడి, 'ఐ' అనే ఆ చిన్న ముక్కని అందుకుని అలా పట్టుకుని ఉండిపోతుంది చూడండి, అక్కడ సెలవు తీసుకోవడం కాదు, తెంచుకుని పోవడం వినిపిస్తుంది. ఆ తేడా కాగితం మీద ఎక్కడుంది?

ఇంకోటి. పాడేవాళ్ళు తమ పాట తామే రాసుకోవాలన్న పట్టింపు పుట్టి గట్టిగా అరవై ఏళ్ళు. 1960లలో డిలన్, బీటిల్స్ వచ్చాక పట్టుకున్న జబ్బు ఇది. అంతకు ముందు ఫ్రాంక్ సినాత్రా పాడినవాటిలో దాదాపు అన్నీ వేరేవాళ్ళు రాసినవే. ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ 1956 నుంచి 1964 దాకా ఒక్కో ఆల్బమ్‌కి ఒక్కొక్కరి పాటలు తీసుకుని పాడింది, కోల్ పోర్టర్ ఒకటి, గెర్ష్విన్‌లు ఒకటి, అలా, ఆల్బమ్ పేరులోనే రాసినవాళ్ళ పేరు పెట్టి మరీ. ఆవిడ దాచలేదు, వినేవాళ్ళెవరూ మోసపోయామనీ అనుకోలేదు. మిమ్మల్ని మోసం చేసింది ఆ గాయని కాదండి, మీ ఊహ.

గాలిపాట:
రాసినవాళ్ళు పాడితే వినలేం, పాడేవాళ్ళు రాస్తే చదవలేం. ఎవరి పని వాళ్ళని చేసుకోనిద్దురూ.

తంబురా తీగ:
పైన ఇద్దరూ ఇంగ్లీషు పాటల దగ్గరే ఆగిపోయారు. రాసినవాడే కళాకారుడు అనే లెక్క మన దగ్గర పెడితే కచేరీలన్నీ మూసుకోవాలి. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారికి 1998లో భారతరత్న ఇచ్చారు, సంగీత విద్వాంసుల్లో ఆ గౌరవం అందుకున్న మొదటి మనిషి ఆవిడే, మరి ఆవిడ పేరు తెచ్చుకున్నదంతా త్యాగరాజు, దీక్షితులు, మీరా, అన్నమయ్య లాంటివాళ్ళు రాసినవి పాడే.

అన్నమయ్య సంగతే చూడండి. పదిహేనో శతాబ్దపు మనిషి. మాటలు రాగిరేకుల మీద ఉన్నాయి, రాగం పేరూ ఉంది, కానీ చాలావాటికి స్వరం లేదు. అంటే పాట ఎలా నడవాలో ఎవరికీ తెలియదు. ఆయన తర్వాత నాలుగు వందల ఏళ్ళు దాటాక రాళ్ళపల్లి అనంతకృష్ణ శర్మ గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు, గరిమెళ్ళ బాలకృష్ణ ప్రసాద్ గారు కూర్చుని వరసలు కడితే ఇవాళ మనం నోటికి పాడుకుంటున్నాం. ఇప్పుడు చెప్పండి, ఆ పాట "రాసింది" ఎవరు? త్యాగరాజస్వామి కృతులు కూడా శిష్యుల గొంతుల్లోంచి వచ్చినవే. ఆ శిష్యుల్లో ఉమయాళ్పురం వాళ్ళ పాఠం ఒకలా, వాలాజాపేట వాళ్ళది ఒకలా ఉంటుంది. పాడేవాళ్ళని పక్కకి తప్పించి అసలు పాటని మాత్రం చూద్దామంటే చూడటానికి మిగిలేది సాహిత్యం ఒక్కటే, అది కృతిలో సగం.

నేను పదేళ్ళు నేర్చుకున్నాను. పెద్దగా రాలేదు, అది నా ఖర్మ. కానీ ఒకటి మాత్రం ఒంటికి పట్టింది. పుస్తకంలో "గ" అని ఒక్క అక్షరం ఉంటుంది. తోడి రాగంలో దాన్ని కర్రలా నిలబెట్టి పాడితే అది తోడి కాదు. ఊపాలి. ఎంత ఊపాలి, పైనున్న మధ్యమానికి ("మ") ఎంత దగ్గరగా పోయి వెనక్కి రావాలి, ఎక్కడ వదలాలి, ఇవేవీ ఆ అక్షరంలో లేవు. మా టీచర్ ఆ ఒక్క స్వరం దగ్గర నన్ను రెండు నెలలు కూర్చోబెట్టారు. మూడో నెలలో కూడా "దగ్గరికొచ్చావు" అన్నారే గానీ "వచ్చింది" అనలేదు. మీరు "మంచి గొంతు" అని తేలిగ్గా అనేస్తున్నది ఇది. గొంతు పుట్టుకతో వస్తుంది, ఇది రాదు.

పాతక్యాసెట్:
తంబురా తీగ గారూ, శాస్త్రీయ సంగీతం గురించి ఒప్పుకుంటాను, అక్కడ మనోధర్మం ఉంది, అప్పటికప్పుడు కల్పిస్తారు. నా బాధ వేరు. కచేరీలో పాడేవాళ్ళు "ఇది నా కథ" అనరు. పాప్ పాటలో "నేను", "నన్ను వదిలేశావు" అని వాళ్ళ జీవితం చెప్తున్నట్టే పాడతారు, ఇంటర్వ్యూల్లో కూడా అలాగే మాట్లాడతారు. సినిమాలో నటుడు డైలాగ్ రాయడు కదా అని ఎవరో ఒకరు అంటారని తెలుసు, కానీ నటుడు సినిమా అయ్యాక నిజంగానే నాకు అలా జరిగింది అనడు.

చరణం రెండు:
నేను పాటలు రాస్తాను. సినిమాలకి కాదు, చిన్న చిన్న ఆల్బమ్‌లకి, కాబట్టి ఎవరని అడక్కండి, చెప్పినా తెలియదు. అడిగినవారి కోపం నాకు అర్థమైంది, నాది అంతకంటే పాత కోపం.

కరుణశ్రీ గారు రాసిన పద్యాలని జనం "ఘంటసాల పుష్పవిలాపం" అంటారు. ఘంటసాల గారి తప్పు కాదు, ఆయన వరస కట్టి పాడకపోతే ఆ పూల గోడు ఇంతమందికి చేరేది కాదు కూడా. కానీ ఆ "ఘంటసాల" అన్న ముక్క పక్కన కవి పేరు ఎప్పుడు జారిపోయిందో ఎవరూ గమనించలేదు. నా స్థాయిలో నాకూ ఒకటి జరిగింది. నేను రాసిన పాట ఒకటి కాస్త బాగా పోయింది. స్టేజీ మీద ఆ గాయకుడు మైకు పట్టుకుని "ఈ పాట నా గుండెల్లోంచి వచ్చింది" అన్నాడు. నేను మూడో వరసలో కూర్చుని ఉన్నాను. నా పేరు ఎత్తలేదు. నిజం చెప్పాలంటే ఆ పాట నా గుండెల్లోంచి కూడా రాలేదు, డెడ్‌లైన్‌లోంచి వచ్చింది, అది వేరే సంగతి.

ఇంతా చెప్పి అతని వైపు ఒక మాట చెప్పకపోతే అన్యాయం. అదే పాటలో రెండో చరణంలో "మరి" అనే మాట ఉంది. తాళానికి రెండక్షరాలు తక్కువైతే అతికించాను, అంతే, ఊతపదం. అతను ఆ "మరి" ముందు రవ్వంత ఆగి, ఎదురుగా ఉన్న మనిషిని అడుగుతున్నట్టు, జవాబు రాదని తెలిసీ అడుగుతున్నట్టు అన్నాడు. ఇప్పటికీ నాకు ఎవరైనా ఆ పాట గురించి చెప్తే ఆ మాట గురించే చెప్తారు, ఎంత బాగా రాశారండీ అని. నేను నోరు మూసుకుని థాంక్స్ చెప్తాను.

కాబట్టి మెచ్చుకోండి, కళాకారుడనే అనండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ పేరు చెప్పమనండి. పాట మొదలుపెట్టే ముందు రాసింది ఫలానా అనడానికి మూడు సెకన్లు పడుతుంది.

హెడ్‌ఫోన్స్:
నేను రికార్డింగ్ వైపు పని చేస్తాను. ఇక్కడ అందరూ గాయకుడు ఒక్క ఊపున పాడేశాడన్నట్టు మాట్లాడుతున్నారు. ఇవాళ మీరు వినే చాలా పాటలు అతుకుల బొంతలు. పల్లవి మూడో టేకుది (మూడోసారి పాడినది), చరణంలో మొదటి సగం ఏడో టేకుది, ఒక మాట అయితే వేరే రోజు వచ్చి పాడింది. శ్రుతి సరిచేసే ఆటో ట్యూన్ సాఫ్ట్‌వేర్ 1997లో వచ్చింది, అప్పట్నుంచి శ్రుతి అటూ ఇటూ అయితే మౌస్‌తో లాగి కూర్చోబెట్టడమే. అందుకే గాయకుల్ని ఆకాశానికి ఎత్తేటప్పుడు నాకు కొంచెం నవ్వొస్తుంది.

కానీ పాతక్యాసెట్ గారూ, మీరు చెప్పిన ఆ జీర గురించి ఒక మాట. అలాంటిది రికార్డింగ్‌లో వస్తే మాకు చేతులు దురద పెడతాయి, సరిచెయ్యాలని, లేదా ఇంకో టేకులోంచి శుభ్రమైన ముక్క తెచ్చి వెయ్యాలని. మీకు అది వినిపించిందంటే ఎవరో "ఉండనివ్వు" అన్నారన్నమాట. కొన్నిసార్లు ఆ మాట అనేది నిర్మాత, చాలాసార్లు పాడినవాళ్ళే. బాగా పాడే ఒకావిడ నా చేత శుభ్రంగా ఉన్న టేకు తీయించేసి, చివరి మాటకి ఊపిరి చాలని టేకు పెట్టించింది. ఎందుకండీ అంటే "ఆ మనిషికి అక్కడ ఊపిరి అయిపోవాలి" అంది. ఆ పాటలో ఒక్క అక్షరం కూడా ఆవిడ రాయలేదు. నేనైతే ఆ రోజు నుంచి ఆవిడని వట్టి గాయని అనుకోవడం మానేశాను.

మొండిశ్రుతి:
రాసినవాళ్ళ జాబితాలో పేరుంటే ఏదో రుజువైపోయినట్టు అనుకోకండి. 'ఆల్ షుక్ అప్' 1957లో వచ్చింది, రాసింది ఓటిస్ బ్లాక్‌వెల్, కానీ రచయితల్లో ఎల్విస్ ప్రెస్లీ పేరు కూడా ఉంటుంది. పెద్ద పేరున్న గాయకుడు పాడాలంటే వాటా రాసివ్వాలి, అదీ అప్పటి బేరం.

దీనికి పూర్తిగా తలకిందులు 'రెస్పెక్ట్'. ఓటిస్ రెడ్డింగ్ 1965లో రాసి పాడాడు, ఇంటికొచ్చిన మగాడు మర్యాద అడిగే పాట. అరీతా ఫ్రాంక్లిన్ 1967లో దాన్ని ఆడమనిషి నోట్లో పెట్టేసరికి అర్థం అడ్డంగా తిరిగిపోయింది. ఆ మాటని అక్షరం అక్షరం విడదీసి పాడే చోటు ఉంది చూశారా, అందరికీ గుర్తుండిపోయింది అదే, అది ఓటిస్ పాటలో లేనే లేదు. అయినా రచయితగా ఆవిడ పేరు లేదు. పైగా అమెరికాలో మామూలు రేడియోలో పాట వస్తే డబ్బులు రాసినవాళ్ళ వైపే పోతాయి, పాడినవాళ్ళకి రావు. అంటే రేడియోలో ఆవిడ గొంతు ఎన్నిసార్లు మోగినా ఆ పద్దు కింద ఆవిడకి పైసా లేదు. పొగడ్తలన్నీ పాడినవాళ్ళకే పోతున్నాయి అంటున్నారు కదా, పొగడ్తలు తప్ప ఏమీ రాని చోట్లు కూడా ఉన్నాయని చెప్తున్నాను.

మీరు అడిగిన "నా కథ" సంగతి. బిల్లీ హాలిడే 1939లో రికార్డు చేసిన 'స్ట్రేంజ్ ఫ్రూట్' రాసింది ఏబెల్ మీరోపోల్ అనే స్కూలు మాస్టారు. నల్లవాళ్ళని చంపి చెట్లకి వేలాడదీయడం గురించి. ఆయన తెల్లవాడు. ఆవిడ నల్ల మనిషి, రాత్రుళ్ళు జనం ముందు నిలబడి పాడాలి. ఆవిడ రికార్డు కంపెనీ కొలంబియా మేం చెయ్యం అంటే వేరే చిన్న కంపెనీకి వెళ్ళి చేసింది. మాటలు ఆయనవి, దెబ్బ తగిలితే తగిలేది ఆవిడకి. ఇందులో అబద్ధం ఎక్కడుంది?

తంబురా తీగ:
మొండిశ్రుతి గారి మాటకి చిన్న తోక. పాడినవాళ్ళ పేరు రికార్డు మీద వెయ్యని రోజులు కూడా ఉన్నాయి. 1949లో 'మహల్' సినిమా రికార్డు మీద లతా మంగేష్కర్ పేరు లేదు, సినిమాలో పాత్ర పేరు "కామిని" అని వేశారు. ఫిల్మ్‌ఫేర్‌లో నేపథ్య గాయకులకంటూ అవార్డు 1959లో గానీ మొదలవలేదు. ఇప్పుడు చరణం రెండు గారు పేరు చెప్పమని అడుగుతున్నట్టే అప్పుడు వాళ్ళు అడుక్కున్నారు.

పాతక్యాసెట్:
మధ్యాహ్నమంతా ఇదే పని మీద ఉన్నాను. నేను చెప్పిన పాటని ఆ నలుగురిలో ఒకాయన తనే పాడి పెట్టిన వీడియో దొరికింది. పాట అదే. ట్యూన్ అదే. బాగానే పాడాడు కూడా. కానీ రెండోసారి పల్లవి వచ్చినప్పుడు ఆయన గొంతు పెంచాడు, ఎవరైనా అక్కడ పెంచుతారు. ఆవిడ అక్కడ తగ్గిస్తుంది. గట్టిగా అనే ఓపిక కూడా లేనట్టు. ఇన్నేళ్ళు విన్నాను, అక్కడ తగ్గిస్తోందని ఇవాళే గమనించాను.

హెడ్‌ఫోన్స్ గారు చెప్పిన జీర దగ్గర కూడా ఆగి నాలుగుసార్లు విన్నాను. ఆవిడ మీద కోపం చాలావరకు పోయింది. ఇంటర్వ్యూల్లో అదంతా తన జీవితమే అన్నట్టు మాట్లాడటం మాత్రం ఇప్పటికీ నచ్చలేదు, అది నచ్చదు కూడా.

చరణం రెండు:
సంతోషం. ఇంతకీ ఆ నలుగురి పేర్లేంటండీ?

పాతక్యాసెట్:
ఒక్క నిమిషం, మళ్ళీ చూసి చెప్తాను.