బాలి, లోంబోక్ ఒకే ట్రిప్‌లో: అత్తగారితో, పాపతో ఎలా ప్లాన్ చేసుకోవాలి?

ప్రశ్న – ఎం.వి.పి. కాలనీ నుంచి

అందరికీ నమస్కారం. మే నెలాఖర్లో పది రోజులు ఇండోనేషియా వెళ్దామనుకుంటున్నాం. నేను, మావారు, తొమ్మిదో తరగతి పాప, మా అత్తగారు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, పూర్తి శాకాహారం, గుళ్లంటే ప్రాణం. పాపకేమో అగ్నిపర్వతం ఎక్కాల్సిందే, పాఠంలో చదివిన దగ్గర్నుంచీ అదే మాట. ట్రావెల్స్ వాళ్లు పది రోజులూ బాలిలోనే పెట్టి, లోంబోక్‌కి పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చంటున్నారు. అది కుదిరే పనేనా? రోజూ రిషికొండ చూసే మాకు అక్కడి బీచ్‌లు కొత్తగా ఉంటాయా? వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి.

జవాబు – సీతమ్మధార నుంచి

అమ్మా, పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చే ఆలోచన ముందు తీసేయండి. మ్యాప్‌లో రెండు దీవులూ పక్కపక్కనే కనిపిస్తాయి, కానీ పడవకి, రేవు దాకా కారుకి పోను లోంబోక్‌లో మీకు మిగిలేది మధ్యాహ్న భోజనం టైమే. పైగా అది బాలికి నకలు కాదు. బాలిలో ఎక్కువమంది హిందువులు, వీధి గుమ్మాల్లో పూల దొప్పలు, ఊరూరా గుళ్లు. లోంబోక్‌లో ఎక్కువమంది సాసక్ అనే స్థానిక తెగ ముస్లింలు, మసీదుల దీవి. చెట్టూ చేమా, పక్షులు కూడా మారిపోతాయి. 1856లో వాలెస్ అనే ప్రకృతి శాస్త్రవేత్త ఈ రెండు దీవుల మధ్య ఉన్న జలసంధి దాటినప్పుడే ఆ తేడా గమనించాడు. ఆసియా జీవజాతులకీ, ఆస్ట్రేలియా వైపు జీవజాతులకీ మధ్య గీసే వాలెస్ రేఖ ఇక్కడి నుంచే పోతుంది. పాపకి చెప్పండి, పాఠంలో పనికొస్తుంది.

మీరు ఎంచుకున్న నెల చాలా మంచిది. అక్కడ ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా పొడి కాలం. మన సంక్రాంతి సెలవులకి వెళ్తే వానల్లో ఇరుక్కుంటారు, లోంబోక్‌లోని రింజాని అగ్నిపర్వతం ఎక్కే దారి కూడా జనవరి నుంచి మార్చి దాకా మూసేస్తారు. మన వేసవి సెలవులు, దసరా సెలవులు అక్కడికి సరిపోతాయి. ఉగాది దగ్గర్లో వెళ్లాలనుకునేవాళ్లు మాత్రం న్యేపి తేదీ చూసుకోవాలి. అది బాలి వాళ్ల శక సంవత్సరాది. 2023లోనూ, 2026లోనూ సరిగ్గా మన ఉగాది రోజే వచ్చింది. ఆ రోజు దీపం వెలగదు, రోడ్డు మీద మనిషి కనపడడు, విమానాశ్రయం కూడా 24 గంటలు మూసేస్తారు. ముందురోజు సాయంత్రం పెద్ద పెద్ద రాక్షస బొమ్మల ఊరేగింపు మాత్రం చూసి తీరాలి.

ఇక అగ్నిపర్వతం. పాపకి బాలిలోని బాతుర్ కొండ చాలు. ఎత్తు 1717 మీటర్లు. కింద సరస్సు ఒడ్డే వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంటుంది కాబట్టి ఎక్కాల్సింది సుమారు ఆరేడు వందల మీటర్లే. తెల్లవారుజామున నాలుగింటికి గైడుతో మొదలుపెడితే సూర్యోదయానికి పైకి చేరతారు. చివరి భాగం అంతా నల్లటి గుల్లరాయి, అడుగు వేస్తే సగం వెనక్కి జారుతుంది, గ్రిప్ ఉన్న బూట్లు తప్పనిసరి. పైన బండల సందుల్లోంచి ఆవిరి వస్తూ ఉంటుంది. అరచెయ్యి పెడితే క్షణంలో తడిసిపోతుంది. గైడులు ఆ సందుల్లోనే కోడిగుడ్లు, అరటిపళ్లు పెట్టి ఉడికించి ఇస్తారు. చలి ఉంటుంది, స్వెట్టర్ మర్చిపోకండి. వైజాగ్ నుంచి వెళ్లేవాళ్లెవరికీ అది పెట్టాలని తోచదు. అదే టైమ్‌లో అత్తగారిని జీపులో లావా మైదానం మీదకి తీసుకెళ్లొచ్చు, లేదా ఆ కొండకి ఎదురుగా పైన ఉన్న కింతామణి అనే చోట అంచు మీద కూర్చోబెడితే కొండా సరస్సూ రెండూ ఒక్కచోటే కనిపిస్తాయి. అక్కడున్న ఉలున్ దాను బాతుర్ గుడి మొదట కిందే ఉండేది. 1926లో లావా ఊరిని ముంచేశాక గుడిని, ఊరిని పైకి తెచ్చి కట్టుకున్నారు.

రింజాని జోలికి ఈసారి వెళ్లొద్దు. 3726 మీటర్లు, ఇండోనేషియా అగ్నిపర్వతాల్లో ఎత్తులో రెండోది. గుడారాల్లో పడుకుంటూ రెండు మూడు రోజులు ఎక్కాలి. అలవాటు లేనివాళ్లకి, ముఖ్యంగా పిల్లలకి, ప్రమాదమే. దాని కథ మాత్రం పాపకి చెప్పండి. 1257లో అక్కడే సమలాస్ అనే శిఖరం పేలింది, గత కొన్ని వేల ఏళ్లలో జరిగిన అతి పెద్ద పేలుళ్లలో అదొకటి. ఆ గోతిలోనే ఇప్పుడు సెగార అనక్ సరస్సు ఉంది, దాని మధ్య బరుజరి అనే కొత్త కొండ పెరుగుతోంది. ఆ కొండ కింద ఉన్న సెనారు ఊరి దాకా కారులో వెళ్లి, మెట్లు దిగి సెండాంగ్ గిలె జలపాతం చూసి రండి. మెట్లు చాలా ఉంటాయి, అత్తగారు పైనే ఉండటం మంచిది.

ప్రశ్న వేసినవారు

చాలా థాంక్సండీ. పడవ గురించి ఎవరైనా చెప్తారా? అత్తగారికి కారులోనే కడుపులో తిప్పుతుంది.

జవాబు – గాజువాక నుంచి

నేను మర్చంట్ నేవీలో చేస్తానక్కా. లోంబోక్ జలసంధి మామూలు సముద్రం కాదు. పసిఫిక్ నీళ్లు హిందూ మహాసముద్రంలోకి వచ్చే ముఖ్యమైన దారుల్లో అదొకటి. ఆ ప్రవాహానికి ఎదురు గాలి తగిలితే అలలు నిలువుగా లేస్తాయి. స్పీడ్ బోట్లకి బాలిలోని పాదాంగ్ బాయి రేవు నుంచి రెండు గంటలు అటూ ఇటూ పడుతుంది, ఆ చిన్న పడవల్లో ముందు సీట్లలో కూర్చుంటే నడుం పోతుంది. పెద్ద ఫెర్రీ పాదాంగ్ బాయి నుంచి లోంబోక్‌లోని లెంబార్ రేవుకి నాలుగైదు గంటలు తీసుకుంటుంది గానీ కుదుపు తక్కువ. పెద్దావిడతో అయితే రెండూ వద్దు. బాలిలోని దెన్‌పసర్ నుంచి లోంబోక్‌కి విమానం అరగంట పైచిలుకే, అందులో వెళ్లండి. మీవారు, పాప సరదాపడితే ఒకవైపు పొద్దున బోటులో రమ్మనండి. పొద్దున గాలి తక్కువ. ఎక్కగానే లైఫ్ జాకెట్ ఎక్కడుందో కళ్లతో చూసుకోవాలి. బోటు నిండా జనం, డెక్కు మీద కూడా లగేజీ అని కనిపిస్తే డబ్బు పోయినా దిగిపోండి.

బీచ్‌ల సంగతి అడిగారు కదా. ఆర్.కె. బీచ్‌లో లాగే బాలి కూటాలోనూ నీళ్లు లోపలికి లాగుతాయి. ఎర్రజెండా ఉన్నచోట దిగొద్దు. సానూర్‌లో పగడపు దిబ్బ అలల్ని ఆపుతుంది, పిల్లలకి అదే మంచిది. ఉత్తరాన లోవినా వైపు ఇసుక నల్లగా ఉంటుంది, అది కొండల్లోంచి వచ్చిందే. లోంబోక్ దక్షిణాన తాంజుంగ్ ఆన్ బీచ్ చూడండి. ఒకచోట ఇసుక మిరియాల గింజల్లా గుండ్రంగా ఉంటుంది, నడిస్తే పాదం దిగిపోతుంది. రిషికొండలో అలాంటిది చూడరు.

జవాబు – పెందుర్తి నుంచి

తిండి గురించి నేను చెప్తాను. మా అమ్మని తీసుకెళ్లాను కాబట్టి ఆ కష్టం తెలుసు. కూరలే కదా అని తినేయకండి. వాళ్ల కారం పచ్చడి సంబల్‌లో తెరాసి అనే రొయ్యల ముద్ద కలుపుతారు. లోంబోక్‌లో తూటికూరతో చేసే ప్లెచింగ్ కాంగ్‌కుంగ్ చూస్తే అచ్చం మన ఇంటి వంటే అనిపిస్తుంది, పైన వేసేది ఆ సంబలే. "తాన్‌పా తెరాసి, తాన్‌పా ఇకాన్, తాన్‌పా తెలుర్" అని రాసి ఫోన్‌లో పెట్టుకోండి. రొయ్యల ముద్ద, చేప, గుడ్డు లేకుండా అని. టెంపే (పులియబెట్టిన సోయా ముద్ద), టోఫు, గదో గదో (పల్లీ సాస్ వేసిన కూరగాయలు) అంతటా దొరుకుతాయి, గదో గదో పల్లీ సాస్‌లోనూ తెరాసి ఉందేమో అడగాలి. మేం అటుకులు, పప్పుల పొడి, ఆవకాయ పట్టుకెళ్లాం.

గుళ్లకి నడుముకి చుట్టుకునే సారాంగ్, దట్టీ కావాలి. బయట అద్దెకిస్తారు. నెలసరిలో ఉన్న ఆడవాళ్లని లోపలికి రానివ్వరు, ముందే తెలిస్తే ప్లాన్ మార్చుకోవచ్చు. అత్తగారికి బాలిలో తీర్థ ఎంపుల్ గుడి తప్పక చూపించండి, ఊటనీళ్ల ధారల కింద స్నానం చేస్తారు. ఆగుంగ్ కొండ మీది బెసాకి గుడి చాలా పెద్దది, మెట్లున్నాయి. 1963లో ఆ కొండ పేలి వెయ్యిమందికి పైగా పోయారు, లావా మాత్రం ఆ గుడిని తాకకుండా పక్కనుంచి పోయింది. లోంబోక్‌లో లింగ్సార్ గుడికి వెళ్తే ఆవిడ ఆశ్చర్యపోతారు. హిందువులూ, వెతు తెలు అనే స్థానిక ముస్లింలూ ఒకే ప్రాంగణంలో పూజ చేసుకుంటారు.

లోంబోక్‌లోనే సాదె అనే సాసక్ ఊరు కూడా చూడండి. ఆడవాళ్లు ఇంట్లో నేల పేడతో అలుకుతారు, చేతి వేళ్ల గుర్తులు అర్ధచంద్రాల్లా నేలంతా కనిపిస్తాయి. మా అమ్మ అక్కడ అరగంట కూర్చుంది. అరుగు మీద మగ్గాల్లో నేసిన బట్ట అక్కడే కొంటే డబ్బు నేసినవాళ్ల చేతికే వెళ్తుంది.

జవాబు – మధురవాడ నుంచి

అంత దూరం ఎందుకండీ, మన పోర్టు నుంచి అండమాన్‌కి ఓడ ఉంటుంది, అక్కడా అగ్నిపర్వతం ఉంది కదా?

జవాబు – సీతమ్మధార నుంచి

అండమాన్ గొప్ప చోటే, తెలుగువాళ్లు కూడా బోలెడుమంది. కానీ దేశంలో ఇప్పటికీ రగులుతున్న ఒకే ఒక్క అగ్నిపర్వతం బారెన్ ద్వీపం మీద దిగనివ్వరు, ఓడలోంచి చూడటమే. బారాటాంగ్‌లో ఉన్నవి బురద అగ్నిపర్వతాలు, లోపలి గ్యాస్ చల్లటి బురదని పైకి నెడుతుంది. పాప అడిగింది ఎక్కడానికి కాబట్టి బాలే సరి.

అమ్మా, రోజులు ఇలా పంచుకోండి. దిగగానే ఉబుద్, కింతామణి వైపు నాలుగు రాత్రులు. తర్వాత లోంబోక్ దక్షిణాన మూడు నాలుగు. చివరి రెండు రాత్రులు మళ్లీ బాలిలో, సానూర్‌లో. తిరుగు విమానం రోజునే లోంబోక్ నుంచి బయల్దేరడం మాత్రం వద్దే వద్దు. 2024 నవంబర్‌లో ఎక్కడో ఫ్లోరెస్ దీవిలో లెవొతోబి అగ్నిపర్వతం పేలితే బాలి విమానాలు రద్దయ్యాయి. ఆ బూడిదలో గాజు రేణువులుంటాయి, ఇంజిన్ వేడికి కరిగి లోపల అతుక్కుంటాయి, అందుకే రిస్కు తీసుకోరు. ఇన్సూరెన్స్‌లో అగ్నిపర్వతం వల్ల రద్దు కవరవుతుందో లేదో ఆ కాగితం చదివి కొనండి. బయల్దేరే ముందు అగ్నిపర్వతాల సమాచారం ఇచ్చే మాగ్మా ఇండోనేషియా అనే ప్రభుత్వ సైట్‌లో కొండల హెచ్చరిక స్థాయి చూడండి. ఒకటి మామూలు, నాలుగు అంటే ప్రమాదం. బాతుర్ రెండు దాటితే ఎక్కొద్దు.

వీసా మనవాళ్లకి దిగాక ఇస్తారు, ఆన్‌లైన్‌లో ముందే తీసుకుంటే క్యూ తప్పుతుంది, 5,00,000 రూపియా, 30 రోజులు. బాలికి వేరే 1,50,000 రూపియా పర్యాటక రుసుం, 2024 ఫిబ్రవరి నుంచి వసూలు చేస్తున్నారు, మనిషికి ఒకటి. పాస్‌పోర్టులకి ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. పాపది పిల్లల పాస్‌పోర్టు కదా, ఐదేళ్లకే అయిపోతుంది, ఈరోజే తీసి తేదీ చూడండి.