చేతి మీద పచ్చబొట్టు ఉంటే ఉద్యోగం రాదా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. కుడి మణికట్టు మీద అమ్మ పేరు పొడిపించుకున్నా, తెలుగులోనే. మొన్న నల్లగొండలో ఒక ప్రైవేటు బ్యాంకు ఇంటర్వ్యూలో సారు నా ఫైలు కంటే చేతినే ఎక్కువ చూశాడు. మా నాయనమ్మకు మోచేతి దాకా పచ్చబొట్లే, ఆమెను ఎవరూ ఏమనలేదు! సోమవారం రెండో రౌండు. ఒకటే టెన్షన్.

జవాబు: ఫుల్ షర్టు వేసుకుని పో తమ్ముడూ. చేరినాక ఎవరూ పట్టించుకోరు. మా మహబూబ్‌నగర్ బ్రాంచిలో క్యాషియర్ మెడ మీద తేలు ఉంది. ముసలోళ్లు దాన్ని చూడ్డానికే ఆ కౌంటర్ దగ్గర నిలబడతారు.

జవాబు: ఆర్మీకి పోయే ఆలోచన ఉందా? అక్కడ ముంజేతి లోపలివైపు, అరచేతి వెనక మాత్రమే ఒప్పుకుంటారు. గిరిజనులకు వాళ్ల ఆచారాన్ని బట్టి సడలింపు ఉంది.

ప్రశ్న అడిగినవాడు: షర్టు సరే అన్నా. చెవిపోగు తీసి ఆరు నెలలైంది, రంధ్రం ఇంకా పూడలేదు. దాన్నెట్ల దాచాలె?