బాస్ జీటీ-1 ల్యాప్‌టాప్‌కి కనపడట్లేదు, టోన్ స్టూడియో సెట్ చేసుకునేది ఎట్లన్నా?

తిరుపతి, బాలాజీ కాలనీ నుంచి:
అన్నలకి నమస్తే. బాస్ జీటీ-1 (బాస్ కంపెనీ గిటార్ ఎఫెక్ట్స్ పెడల్) సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని వారమైంది. పెడల్ బాగుండాది, గిటార్ పెట్టి హెడ్‌ఫోన్‌లో వింటే సౌండ్ సూపర్, కానీ ఆ చిన్న స్క్రీన్‌లో నాబ్‌లు తిప్పుకుంటా ఒక్కో ప్యాచ్ (సేవ్ చేసుకునే సౌండ్ సెట్టింగ్) చేసేలోపల తెల్లారిపోతా ఉంది. బాస్ వాళ్ళ టోన్ స్టూడియో సాఫ్ట్‌వేర్ వేసుకుంటే అంతా ల్యాప్‌టాప్‌లో పెద్దగా కనిపిస్తాది, మౌస్‌తో లాగేసుకోవచ్చు అన్నారు, వేసినా. విండోస్ 10. ఇంట్లో పాత ప్రింటర్ కేబుల్ కరెక్టుగా సరిపోయింది. టోన్ స్టూడియో ఓపెన్ అవుతాది గానీ డివైస్ లిస్టు ఖాళీ. వచ్చే వారం కాలేజీలో ప్రోగ్రాం ఉంది, నాలుగు ప్యాచ్‌లు రెడీ చేసుకోవాల. ఎవరన్నా చెప్పండి ప్లీజ్.

చిత్తూరు, గ్రీమ్స్‌పేట నుంచి:
డ్రైవర్ వేసినావా బ్రో? టోన్ స్టూడియో వేరే, జీటీ-1 యూఎస్‌బీ డ్రైవర్ వేరే. విండోస్‌కి ఆ డ్రైవర్ ఉండాల్సిందే. బాస్ సైట్లో జీటీ-1 సపోర్ట్ పేజీలోనే ఉంటాది, నీ విండోస్ వెర్షన్‌ది చూసి తీసుకో. కేబుల్ పీకేసి డ్రైవర్ వేయి, రీస్టార్ట్ చెయ్, ఆ తర్వాతే కేబుల్ పెట్టు. ముందే పెట్టి ఉంటే ఒక్కోసారి విండోస్ ఇంకేదో అనుకుని కూర్చుంటాది.

తిరుపతి, బాలాజీ కాలనీ నుంచి:
డ్రైవర్ వేయలేదన్నా, ఇప్పుడు నువ్వు చెప్పినట్టే వేసినా, రీస్టార్ట్ కూడా చేసినా. డివైస్ మేనేజర్‌లో సౌండ్ కింద చూసినా, ల్యాప్‌టాప్ సొంత సౌండ్ రియల్‌టెక్ ఒక్కటే ఉంది, జీటీ-1 అని ఏమీ రాలేదు 😔

శ్రీకాళహస్తి నుంచి:
కేబుల్ డౌట్ కాదులే, ప్రింటర్ కేబుల్ అంటే డేటా పోయేదే. ఫోన్ ఛార్జింగ్ కేబుల్స్‌తోనే ఆ తంటా, లోపల కరెంటు వైర్లు రెండే ఉండి డేటా వైర్లు లేనివి కూడా ఉంటాయి. హబ్ పెట్టినావా మధ్యలో? ఉంటే తీసేసి నేరుగా ల్యాప్‌టాప్‌కి పెట్టు, పోర్ట్ కూడా మార్చి చూడు.

చిత్తూరు, కట్టమంచి నుంచి:
తమ్ముడూ, ఒకటే మాట అడుగుతా. యూఎస్‌బీ పెట్టినప్పుడు పెడల్ స్క్రీన్ వెలుగుతా ఉందా? ఇన్‌పుట్ జాక్‌లో గిటార్ కార్డ్ (వైర్) ఉందా?

తిరుపతి, బాలాజీ కాలనీ నుంచి:
లేదన్నా. గిటార్ వాయించేది లేదు కదా, ఊరికే ప్యాచ్‌లు చేసుకునేదే కదా అని కార్డ్ తీసేసినా. స్క్రీన్ ఆఫ్‌లోనే ఉంది. యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకుంటాది అనుకున్నా.

చిత్తూరు, కట్టమంచి నుంచి:
అదే. జీటీ-1కి వేరే పవర్ స్విచ్ లేదు, ఇన్‌పుట్ జాక్‌లో పిన్ దూరితేనే ఆన్ అవుతాది. యూఎస్‌బీ నుంచి కరెంటు తీసుకోదు. లోపల 4 ఏఏ బ్యాటరీలన్నా ఉండాల, లేదా అడాప్టర్ అన్నా ఉండాల. కార్డ్ ఒక్కటి దూర్చు చాలు, ఇంకో చివర గిటార్ లేకపోయినా పర్వాలేదు.

తిరుపతి, బాలాజీ కాలనీ నుంచి:
అన్నా వచ్చేసింది!! కార్డ్ పెట్టంగానే టంగ్ మని విండోస్ సౌండ్ వచ్చింది, టోన్ స్టూడియోలో జీటీ-1 కనపడింది, ప్యాచ్‌లన్నీ లోడ్ అయినాయి. చాలా థ్యాంక్స్ అన్నా. ఇంక రెండు డౌట్లు. ల్యాప్‌టాప్‌లో పాట పెడితే స్పీకర్లో రావడం లేదు. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ రీపర్ ఓపెన్ చేసి ఉంటే టోన్ స్టూడియో కనెక్ట్ కావడం లేదు.

చిత్తూరు, కట్టమంచి నుంచి:
పాట యాడికీ పోలా. జీటీ-1 సౌండ్ కార్డ్ కూడా కాబట్టి విండోస్ దాన్నే డిఫాల్ట్ చేసుకునింటాది, హెడ్‌ఫోన్ పెడల్‌కి పెట్టు, పాటా గిటారూ రెండూ దాంట్లోనే వస్తాయి, ప్రాక్టీసుకి అంతకంటే మంచిది లేదు. స్పీకర్లోనే కావాలంటే కింద సౌండ్ గుర్తు నొక్కి మార్చుకో. రీపర్ సంగతేమంటే, అది జీటీ-1 మిడి పోర్ట్ (సెట్టింగుల డేటా పోయే దారి) పట్టుకునుంటే టోన్ స్టూడియోకి దొరకదు. రీపర్ ప్రిఫరెన్సెస్‌లో మిడి డివైసెస్‌లో జీటీ-1 డిసేబుల్ చెయ్, ఆడియోకి ఏమీ కాదు.

ఇప్పుడు అసలైంది చెప్తా, దీన్ని మాత్రం వదలొద్దు. ఏదీ ముట్టుకోకముందే టోన్ స్టూడియోలో లైబ్రేరియన్‌లో యూజర్ ప్యాచ్‌లన్నీ ఎక్స్‌పోర్ట్ చేసి ఫైల్ పెట్టుకో. సెకండ్ హ్యాండ్ కదా, ముందు వాడినాయన కష్టపడి చేసుకున్న టోన్లు దాంట్లో ఉండొచ్చు, ఒక్కసారి పైన రాసేస్తే మళ్ళీ రావు. నేను జాతరల్లో ఆర్కెస్ట్రాకి వాయిస్తా, ఒకసారి బ్యాకప్ లేకుండా రీసెట్ కొట్టి, రెండు నెలలు కూర్చుని చేసుకున్న లీడ్ టోన్ పోగొట్టుకున్నా, ఆ రాత్రి స్టేజీ మీద మామూలు ప్రీసెట్‌తో వాయించాల్సొచ్చింది. ఇప్పటికీ బాధే.

ఇంకోటి, నువ్వు మౌస్‌తో తిప్పేది అప్పటికప్పుడు పెడల్‌లో వినిపిస్తాది గానీ సేవ్ కాదు. రైట్ (WRITE) బటన్ కొట్టి యూ01 నుంచి యూ99 లోపల ఒక నంబర్‌లో పెట్టాల, ప్యాచ్ మార్చినావంటే చేసిందంతా పోతాది. ప్రోగ్రాంకి నాలుగు ప్యాచ్‌లంటున్నావు కదా, వరసగా పక్క పక్క నంబర్లలో పెట్టుకో, స్టేజీ మీద కాలితో ఒక్క నొక్కుకి మారిపోవాల.

తిరుపతి, బాలాజీ కాలనీ నుంచి:
ఎక్స్‌పోర్ట్ చేసినా అన్నా. ప్రోగ్రాంలో యాంప్ లేదు, డైరెక్ట్ మిక్సర్‌కే. హెడ్‌ఫోన్‌లో చేసిన టోన్ అట్లనే వస్తాదా?

చిత్తూరు, కట్టమంచి నుంచి:
మెనూలో ఔట్‌పుట్ సెలెక్ట్ చూడు, లైన్/ఫోన్స్ అని ఉండాల. యాంప్ పేరేదన్నా ఉంటే హెడ్‌ఫోన్‌లో, మిక్సర్‌లో సౌండ్ గరగరమంటా గీరినట్టు ఉంటాది. అది సరి చేసుకున్నాకే ప్యాచ్‌లు చెయ్, ముందు చేసి తర్వాత మారిస్తే అంతా మళ్ళీ మొదలు. అట్లయినా పెద్ద స్పీకర్లలో లో (బేస్ సౌండ్) ఎక్కువగా వినపడతాది, సౌండ్ చెక్‌కి ఒక అరగంట ముందే పో. అడాప్టర్ కొనేటట్టయితే 9 వోల్ట్‌ది, మధ్యలో మైనస్ ఉండేదే తీసుకో, లేబుల్ మీద బొమ్మ ఉంటాది. ఇంట్లో పడున్న రౌటర్ అడాప్టర్ పిన్ సరిపోయిందని మాత్రం పెట్టొద్దు తమ్ముడూ.

తిరుపతి, బాలాజీ కాలనీ నుంచి:
చూసినా అన్నా, జేసీ-120 అని యాంప్ పేరు ఉంది! మార్చంగానే ఆ గరగర పోయింది. రేపు పొద్దున కూర్చుని నాలుగూ మొదటి నుంచి చేస్తా. అడాప్టర్ వచ్చేదాకా కొత్త బ్యాటరీలు వేస్తా.